పెట్టెలో తువ్వాల



కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ఇద్దరు క్రైస్తవులు ఎదురుపడితే ముందుగా నోట వచ్చే మాట ‘వందనాలు’. పొలం గట్టు మీద చెప్పుకుంటాం, బస్టాండులో చెప్పుకుంటాం, పెళ్లింట్లో, చావింట్లో కూడా చెప్పుకుంటాం. ఇదే మాటను సభల్లో ఇంకో పనికి వాడతాం. కార్యక్రమమంతా అయిపోయాక చివర ఒకరు లేచి ‘వందన సమర్పణ’ అంటారు. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ. షామియానా వేసినవాళ్లకు, మైకు పెట్టినవాళ్లకు, పొద్దున్నించీ పొయ్యి దగ్గర నిలబడి వండినవాళ్లకు చెప్పే ఆ నాలుగు మాటలు వినడానికి ఎవరూ ఆగరు. అలా లేచి వెళ్లినవాళ్లలో నేనూ చాలాసార్లు ఉన్నాను. దేవునికి స్తోత్రం చెప్పడం మనకు బాగా వచ్చు. సాటి మనిషికి చెప్పవలసి వచ్చేసరికి మాట గొంతులోనే ఆగిపోతుంది. ఈ కాసేపు ఆ సంగతి మాట్లాడుకుందాం.

మా ఊరు ఎల్లారెడ్డికి దగ్గర. 108 బండ్లు ఇంకా రాని రోజులు అవి. పొలాలకు కరెంటు రాత్రిపూట వచ్చేది. వరి పొట్ట మీదున్న సమయం. మోటరు పెట్టి వస్తానని వెళ్లిన మా నాయిన గంటకు గట్టు మీద కూలబడి కేకేశాడు. పురుగు ముట్టింది. మా దగ్గర రాత్రిపూట పాము పేరు ఎత్తరు, పురుగనే అంటారు. మడమ పైన రెండు గాట్లు. పక్కింటాయన సైకిలు మీద ఉరికి, ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర ఆటోలో ముడుచుకుని పడుకున్న ఒక పిలగాణ్ణి లేపుకొచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. ముస్లిం పిల్లవాడు. సంగతి వినగానే ఎంతిస్తారని అడగలేదు, బండి తిప్పాడు.

లింగంపేట మీదుగా కామారెడ్డి దాకా చీకటి దారి, పైన వాన. నాయిన కనురెప్పలు వాలిపోతున్నాయి. ఆ పిలగాడు బండి తోలుతూనే వెనక్కి కేకలేస్తున్నాడు. “కాకా, పండుకోకు. నాతోని మాట్లాడు. ఎన్నెకరాలున్నయ్ నీకు? ఏమేసినవ్ ఈసారి? మోటరు ఎన్ని హార్సుపవరు?” నాయిన ముద్దముద్దగా ఏదో జవాబు చెప్తున్నాడు. నాకిప్పటికీ ఆ ప్రశ్నలన్నీ యాదికున్నాయి. కామారెడ్డి ఆసుపత్రిలో నాయినను లోపలికి తీసుకువెళ్లి విషం విరుగుడు సూదులు మొదలుపెట్టారు. వానకు తడిసి వణుకుతున్న మనిషి మీద ఆ పిలగాడు తన తువ్వాల కప్పాడు. తెల్లవారాక చూస్తే అతను లేడు. కిరాయి మేమివ్వలేదు, అతను అడగలేదు.

నాయిన బతికాడు. ఇంటికొచ్చాక కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. నేనప్పుడు టీచరు ట్రైనింగు చదువుతున్నాను, నలుగురిలో మాట్లాడటం వచ్చు, అందుకని నన్నే సాక్ష్యం చెప్పమన్నారు. దేవునికి స్తోత్రం చెల్లించాను. రాత్రంతా మోకాళ్ల మీదున్న అయ్యగారికి వందనాలు చెప్పాను. సంఘానికి చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. భోజనాలయ్యాక గిన్నెలు తోముతూ అమ్మ అడిగింది. “అంతా మంచిగ చెప్పినవ్ బిడ్డా. గా ఆటో పిలగాని ముచ్చట చెప్పకపోతివి?”

“ఆయన్ని పంపింది దేవుడే గదమ్మా” అన్నాను.

“పంపింది దేవుడే. వచ్చిందెవరు?”

నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటికే అమ్మ ఆ తువ్వాలను ఉతికి, మడతపెట్టి, పెట్టెలో తన పెళ్లిచీర మీద ఉంచింది.

ఆ తర్వాత నేను చాలాకాలం మాటల వెంట తిరిగాను. చదివేది తెలుగు కాబట్టి అది నాకు సులువు, మనిషి దగ్గరికి వెళ్లడం కంటే నిఘంటువు దగ్గరికి వెళ్లడం సులువు. కృతజ్ఞత అంటే చేసినదాన్ని ఎరిగి ఉండటం. ‘కృతం’ అంటే చేసినది, ‘జ్ఞ’ అంటే ఎరిగినవాడు. ‘థాంక్స్’ అనే రెండు పెదవుల కదలికకూ దీనికీ చాలా దూరం. ఎదుటివాడు ఏం చేశాడో, అది చేయడానికి అతనికి ఎంత ఖర్చయిందో నాకు తెలిసి ఉండాలి. వానలో, చీకట్లో, తిరుగు కిరాయి దొరకని దారిలో ఎందుకు వచ్చాడో తెలిసి ఉండాలి. దీనికి ఎదురుమాట కృతఘ్నత. ‘ఘ్న’ అంటే చంపేది. చేసిన మేలును చంపేవాడు కృతఘ్నుడు. మేలును మరచిపోవడం చిన్న తప్పేమీ కాదనీ, అది ఒక హత్య అనీ ఈ మాట పుట్టించినవాళ్లు అనుకున్నారు.

ఇంకో మాట నన్ను మరీ ఆపేసింది. మన ఊళ్లలో మేలు మరచినవాణ్ణి చూసి ‘వానికి విశ్వాసం లేదు’ అంటారు. ఉప్పు తిన్న విశ్వాసం, కుక్కకున్న విశ్వాసం అని కూడా వింటుంటాం. గుడిలో మనం రోజూ చెప్పుకునే మాట కూడా విశ్వాసమే, మనల్ని పిలిచే పేరు కూడా విశ్వాసులే. దేవుణ్ణి నమ్మడానికీ, తిన్న ఉప్పును మరవకపోవడానికీ తెలుగులో ఒకే మాట. వేరే భాషల్లో ఈ రెండూ ఇలా ఒక గూటిలో ఉన్నాయో లేదో కానీ, తెలుగు బైబిలు చేతపట్టుకున్న మనం మాత్రం ఈ మాటను రెండు చెవులతో వినవలసిందే. ఆటో పిలగాణ్ణి మరచిన నేను ఊరి భాషలో విశ్వాసం లేనిదాన్ని. గుడిలో అదే నోటితో నా విశ్వాసాన్ని సాక్ష్యం చెప్పుకుంటున్నాను.

ఇక్కడ ఒక సంగతి దాటవేయకూడదు. తెలంగాణ పల్లెల్లో కృతజ్ఞత అనే మాట చుట్టూ ఒక పాత గాయం ఉంది. నిజాం కాలంలో, జాగీర్దార్ల కింద, దొరల గడీల ముందు మన తాతలు ‘బాంచెన్, నీ కాల్మొక్త’ అన్నారు. కూలి లేని వెట్టి చేసి, పైగా చేయనిచ్చినందుకు దండం పెట్టవలసి వచ్చింది. అంటరానివాళ్లని ఊరి బయట ఉంచిన మాల, మాదిగ వాడల నుంచే ఈ ప్రాంతపు సంఘాల్లోకి ఎక్కువమంది వచ్చారు. ఆ ఇళ్లలో పుట్టిన బిడ్డకు ‘తలవంచి మేలు ఒప్పుకో’ అని చెప్తే, ఆ మాట వెనక పాత గడీ కనబడుతుంది. అందుకే కొందరు పెద్దలు ఎవరికీ రుణపడమని బింకంగా అంటారు. నేను వాళ్లను తప్పుపట్టలేను. భయంతో వంగిన నడుముకూ ప్రేమతో వంగిన నడుముకూ తేడా ఉంది. మొదటిది లాగేసుకున్నది, రెండోది ఇచ్చినది. నిటారుగా నిలబడగలిగినవాడు మాత్రమే మనస్ఫూర్తిగా వందనం చెప్పగలడు. దాన్ని ఎవరూ అడిగి తీసుకోలేరు.

లూకా సువార్త 17వ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఈ తేడా కనిపిస్తుంది. పదిమంది కుష్ఠు రోగుల కథ అందరికీ తెలుసు. అయితే దానికి ముందున్న కథను మనం దాటేస్తుంటాం. పొలం దున్ని వచ్చిన దాసుడు యజమానికి వడ్డిస్తాడు, చెప్పిన పని చేసినందుకు యజమాని వాణ్ణి మెచ్చుకుంటాడా అని యేసు అడుగుతాడు. చేయవలసింది చేశామనుకోండి, అంతే, అంటాడు. ఆ వెంటనే పదిమంది రోగుల కథ వస్తుంది. ఒకడే తిరిగి వచ్చాడేమని అక్కడ ఆయనే అడుగుతాడు. పైకి రెండూ పొసగవు. కొన్నాళ్లు నాకూ పొసగలేదు. మొదటి కథ మేలు చేసినవాడికి చెప్పింది: ఎదురుచూడకు. రెండోది మేలు పొందినవాడికి చెప్పింది: తిరిగి వెళ్లు. మనం తరచూ వీటిని తారుమారు చేసుకుంటాం. చేసినప్పుడు రెండో కథ పట్టుకుని ఎదుటివాడు రాలేదని నొచ్చుకుంటాం, పొందినప్పుడు మొదటి కథ పట్టుకుని ‘అది వాళ్ల డ్యూటీయే కదా’ అంటాం.

ఆ తొమ్మిదిమంది మీద నాకు జాలి. వాళ్లు చెడ్డవాళ్లేం కారు. యాజకుల దగ్గరికి వెళ్లి కనబడమని యేసే చెప్పాడు, వాళ్లు చెప్పిన మాట విన్నారు. ఏళ్ల తరబడి ఊరి బయట ఉన్నవాళ్లు, ఇంటి దారి పట్టి ఉంటారు. పెళ్లాం పిల్లలను చూడాలనే ఆత్రం ఎవరికి ఉండదు? తిరిగి వచ్చినవాడికి మాత్రం వెనక్కి నడవమని ఎవరూ చెప్పలేదు. అతను సమరయుడు, యూదుల లెక్కలో పరాయివాడు. దూరం నుంచి కేకపెట్టి దయ చూపమని అడిగిన నోరు, ఇప్పుడు అంతే గట్టిగా కేకవేసి కృతజ్ఞత చెప్పింది. అడిగేటప్పుడు మనకున్న గొంతు, పొందాక ఎంత సన్నగిల్లుతుందో ఎవరికి వాళ్లం చూసుకోవచ్చు.

ఈ కథ మన నేల మీద కూడా జరిగింది. కామారెడ్డిలో రైలెక్కి నిజామాబాద్ వెళ్తుంటే దారిలో డిచ్‌పల్లి వస్తుంది. స్కాట్లండులో పుట్టి, అబర్దీన్‌లో వైద్యం చదివిన ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, వెస్లియన్ మెథడిస్టు పాదిరిగా వచ్చిన భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో నిజాం రాజ్యానికి వచ్చింది. పెద్దరోగం, అంటే కుష్ఠు, వచ్చినవాళ్లను ఇంట్లోంచి, ఊళ్లోంచి వెళ్లగొట్టే కాలం. వాళ్లకోసం నిజామాబాద్‌లో చిన్న ఆశ్రయంగా మొదలైన పని, 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి అయింది. అక్కడ చాల్‌ముగ్రా జాతి గింజల నూనెను సూదులతో ఎక్కించేవారు. నొప్పి పెట్టే వైద్యం, నెలల తరబడి సాగే వైద్యం. 1940లలో డాప్సోన్ వచ్చేదాకా ప్రపంచంలో ఎక్కడైనా ఉన్న దారి దాదాపు అదే.

డిచ్‌పల్లి పేరు వినగానే మా సంఘాల్లో కెర్ దంపతులను తలచుకుంటారు, తలచుకోవలసిందే. ఆ ఆసుపత్రి లేవడానికి పెద్ద మొత్తం విరాళమిచ్చినాయన మాత్రం క్రైస్తవుడు కాదు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఒక పాదిరి కుటుంబం చేసే పనికి ఇంకో మతస్థుడు చేయందించాడు. ఈ సంగతి మన సండే స్కూలు పిల్లలకు ఎంతమందికి చెప్తున్నాం? మిషనరీలు వచ్చి మేలు చేశారని ఒకవైపు చెప్పుకుని అక్కడే ఆగిపోతే, అది సగం యాది. లూకా కథలో తిరిగి వచ్చిన పరాయివాడు కృతజ్ఞత చెప్పాడు. డిచ్‌పల్లి కథలో కృతజ్ఞత అందుకోవలసినవాళ్లలో పరాయివాడున్నాడు. ఆ సూదులు వేసిన కంపౌండర్లు, పుండ్లు కడిగిన నర్సులు, నీళ్లు మోసినవాళ్లు, వండిపెట్టినవాళ్లు, వీళ్లంతా ఈ చుట్టుపక్కల ఊళ్ల తెలుగువాళ్లే అయి ఉంటారు. వాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు ఇప్పుడు నా మాట వింటున్నారేమో. వింటుంటే, మీ తాతలకు నా వందనాలు అందజేయండి.

ఇలా పేరు పేరునా చెప్పడం పౌలుకు బాగా తెలుసు. రోమా సంఘానికి రాసిన పత్రిక చివరి అధ్యాయాన్ని మనం గబగబా చదివేస్తాం, నోరు తిరగని పేర్లు కదా అని. అందులో పాతికమందికి పైగా మనుషులున్నారు. కెంక్రేయ సంఘంలో సేవచేసిన ఫీబే, తనతో సహా చాలామందిని ఆదుకున్నదని రాస్తాడు. ప్రిస్కిల్ల, అకుల తనకోసం ప్రాణాలకు తెగించారని రాస్తాడు. రూఫు తల్లి తనకూ తల్లిలాంటిదే అంటాడు. అంత పెద్ద అపొస్తలుడు, పెళ్లీ ఇల్లూ లేకుండా ఊరూరా తిరిగినవాడు, ఏ ఊళ్లోనో ఒక ముసలామె పెట్టిన అన్నాన్ని యాది పెట్టుకున్నాడు. ఆ ఒక్క మాట వెనక ఎన్ని పూటల అన్నం, ఎన్ని ఉతికిన బట్టలు ఉన్నాయో! పౌలు చెప్తుంటే రాసిపెట్టిన తెర్తియు కూడా మధ్యలో తన పేరుతో ఒక వందనం చేర్చుకున్నాడు. రాసేవాడి పేరు కూడా పోకుండా నిలిచింది.

అక్కడొక విశేషముంది. ప్రిస్కిల్ల, అకులల గురించి రాస్తూ పౌలు వాడిన గ్రీకు క్రియ, ఆయన తన ప్రార్థనల్లో దేవునికి కృతజ్ఞత చెల్లించడానికి వాడే క్రియే. యేసు రొట్టె పట్టుకుని చెప్పిన కృతజ్ఞతకు సువార్తికులు వాడిందీ అదే. ప్రభువు బల్లకు ఎన్నో భాషల్లో ఉన్న పేరు ఆ క్రియ నుంచే వచ్చింది. దేవునికి ఒక మాట, డేరాలు కుట్టుకునే ఆలుమగలకు ఒక మాట అని పౌలు రెండు పెట్టెలు పెట్టుకోలేదు. ‘మహిమ దేవునికే’ అని మనం అనే మాట నిజం. కానీ ఆ మాటను అడ్డం పెట్టుకుని మనిషిని దాటవేస్తే, దేవుని పేరు మన బద్ధకానికి ముసుగవుతుంది. నేను కూడికలో చేసింది సరిగ్గా అదే.

మెదక్ గుడి సంగతి ఎత్తకుండా ఉండలేను. ఎల్లారెడ్డి వాళ్లకు అది దగ్గరి దారి, క్రిస్మస్‌కి పిల్లాజెల్లాతో వెళ్తాం. చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో కట్టిన ఆ గుడిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు, 2024కి వందేళ్లు నిండాయి. కరువు రోజుల్లో జనానికి పని చూపించి తిండి పెట్టడానికి ఆ కట్టడం ఆసరా అయింది. తలెత్తి చూస్తే 170 అడుగులు దాటిన గోపురం. నేను చూసిన ప్రతిసారీ రంగుటద్దాల కిటికీల్లో వెలుగును చూశాను. మొన్న మొన్ననే కింద రాళ్లను చూడటం మొదలుపెట్టాను. ఆ రాయి మోసినవాడు మా ముత్తాతల్లో ఒకడు కాడని ఎవరు చెప్పగలరు? పాస్నెట్ పేరు మనకు తెలుసు. ఆకలి కడుపుతో తట్ట మోసిన ఒక్క మనిషి పేరు తెలుసా? పాస్నెట్‌కి రుణపడ్డాం, ఆ తట్టకూ అంతే రుణపడ్డాం.

తట్ట అన్నాక కూలి మాట వస్తుంది. వందనం కూలికి బదులు కాదు. కోతకోసిన పనివాళ్లకు ఎగ్గొట్టిన కూలి కేకలు పెడుతుందనీ, ఆ కేక దేవుని చెవిలో పడిందనీ యాకోబు పత్రికలో ఉంది. పంటకోత పండుగనాడు మనం కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు గుడికి తెచ్చి కానుకపెడతాం. ఆ వరినాట్లు ఈ రోజుల్లో చాలాచోట్ల బీహారు నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు వేస్తున్నారు. రైసుమిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లలోనూ వాళ్లే కనిపిస్తారు. వాళ్లకు ఇవ్వవలసిన రూపాయి ఆపి, దేవుని దగ్గర గుమ్మడికాయ పెట్టి కృతజ్ఞతలంటే ఆ మాట ఎక్కడికి చేరుతుంది? మా వైపు బీడీలు చుట్టని వాడ లేదు. చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరించి, వేళ్లు పుళ్లుపడేలా చుట్టి పిల్లలను చదివించిన తల్లులు ప్రతి సంఘంలో ఉన్నారు. ఆ చదువుతో ఉద్యోగం వచ్చిన పిల్లలు గుడిలో సాక్ష్యం చెప్పేటప్పుడు దేవుని పేరు తర్వాత వెంటనే ఆ వేళ్ల పేరు చెప్పాలి. గల్ఫుకు వెళ్లి ఎండలో నిలబడి ఇంటికి పైసలు పంపిన అన్నల పేరు చెప్పాలి. దేవుడు ఆశీర్వదించాడన్నది నిజమే, ఆ ఆశీర్వాదం ఏ చేతుల్లోంచి నడిచి వచ్చిందో కూడా చెప్పాలి.

2025 ఆగస్టు 27 మనలో ఎవరూ మరచిపోలేదు. వినాయక చవితి పూట. కామారెడ్డి జిల్లా మీద ఆకాశం విరిగిపడింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటి వాన పడింది. కాలనీలు మునిగాయి, భిక్నూరు వైపు రైలుకట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. ఆ రాత్రి పడవల్లో, తాళ్లతో వచ్చినవాళ్లున్నారు. పక్కింటి డాబా మీదికి ఎక్కించుకున్నవాళ్లున్నారు, మండపం దగ్గర వండిన అన్నం పంచినవాళ్లున్నారు. ఎవరు ఎవరిని ఏ మతమని అడిగారు? నీళ్లు తగ్గాక మనం బురద కడుక్కునే హడావిడిలో పడ్డాం. ఆ చేయి అందించినవాళ్లలో ఇంకా మన వందనం అందనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో, ఈ రాత్రి పడుకునే ముందు ఒక్కొక్కరి ముఖాన్నీ గుర్తు తెచ్చుకోండి.

ఎలా చెప్పాలని కొందరు అడుగుతారు. మా దగ్గర దగ్గరివాళ్లకు థాంక్స్ అంటే పరాయివాళ్లను చేసినట్టుంటుంది. తల్లికి థాంక్స్ అంటే తల్లి నవ్వుతుంది. మా నాయనమ్మకు ఆ మాట తెలియదు. ఎవరైనా నీళ్లబిందె ఎత్తితే “సల్లగుండు బిడ్డా, నీ కడుపు సల్లగుండ” అనేది. అంతకు మించిన వందనం నేనెక్కడా వినలేదు. అది దీవెన, ప్రార్థన, కృతజ్ఞత అన్నీ కలిసిన మాట. కాబట్టి మాట ఏదైనా ఫరవాలేదు. ‘అందరికీ కృతజ్ఞతలు’ అనే గంపగుత్త మాట మాత్రం ఎవరికీ అందదు. మేలు చేసిన మనిషి దగ్గరికి వెళ్లి, ఫలానా రోజు మీరు ఫలానా పని చేశారు, దానివల్ల మాకిట్లా అయిందని చెప్పాలి. నలుగురిలో చెప్తే ఇబ్బందిపడే మనిషికి ఒంటరిగా చెప్పాలి. చెప్పాక ఏదీ అడగకూడదు. కృతజ్ఞత చెప్పి ఆ చేత్తోనే ఇంకో పని అప్పగించేవాళ్లను చూశాను, దానికంటే చెప్పకపోవడమే నయం. ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు చేత కానుక పంపినప్పుడు పౌలు జైల్లో ఉన్నాడు. ఆయన రాసిన జవాబే ఈ రోజు మనం చదివే ఫిలిప్పీ పత్రిక. నాకు ఇంకా పంపమని అందులో లేదు. మీరు నా కష్టంలో పాలుపంచుకున్నారని ఉంది.

ఇక మా తువ్వాల సంగతి. నేను వెళ్తాను వెళ్తాననే అంటూ వాన పోయింది, చలి వచ్చింది. నిజం చెప్పాలంటే సిగ్గు. ఇన్నాళ్లకా వచ్చేది అంటాడేమో, కిరాయి ఎగ్గొట్టారని అనుకుంటున్నాడేమో. ఆలస్యమయ్యేకొద్దీ కృతజ్ఞత అప్పులాగా పెరుగుతుంది, ముఖం చూపించలేం. నాయిన వడ్లు కోసి, కొత్తబియ్యం పట్టించుకొచ్చాడు. పంటకోత పండుగకు ముందురోజు రాత్రి అమ్మ ఆ బియ్యంలోంచి రెండు సంచులు నింపింది. కొలపాత్రతో సరిగ్గా సమానంగా కొలిచింది. “గిది దేవుని పాలు. గిది గా పిలగాని పాలు” అంది. ద్వితీయోపదేశకాండంలో ప్రథమఫలాల గంప ఎత్తుకుని వచ్చినవాడు మీ మధ్య ఉన్న పరదేశితో కూడా కలిసి సంతోషించాలని ఉంది. అమ్మకు చదువు రాదు. ఆ అధ్యాయం ఆమె ఎప్పుడు విన్నదో ఏమో.

ఆదివారం గుడి అయ్యాక నాయినా నేనూ ఎల్లారెడ్డి బస్టాండుకు వెళ్లాం. సంచి నాయిన భుజం మీద, తువ్వాల నా చేతిలో. ఆటోల వరసలో నాలుగో బండి అతనిది. మమ్మల్ని చూసి ముందు కిరాయికి వచ్చామనుకున్నాడు. నాయిన సంచి కింద పెట్టి, “పురుగు ముట్టిననాడు నన్ను కామారెడ్డి తోల్కపోయినవ్” అన్నాడు. ఆ పిలగాడు బండి దిగి నాయిన ముఖంలోకి చూశాడు, కిందికి, కాళ్ల వైపు చూశాడు, మళ్లీ ముఖంలోకి చూశాడు.

“కాకా, నువ్వు బతికినవా?”

తర్వాత నావైపు తిరిగి చెప్పాడు. తెల్లారేదాకా ఉందామనుకున్నాడట, పొద్దున్నే బడిపిల్లల కిరాయి ఉండి వెళ్లిపోయాడట. ఆ తర్వాత మా ఊరివాళ్లు ఎందరో అతని బండి ఎక్కారు. “ఎవర్నీ అడగలే అక్కా. అడిగితే లేడంటరేమోనని భయం. గా దిక్కు కిరాయి వచ్చిన ప్రతిసారి లింగంపేట కాడ యాదికొస్తుండె.”

అయిదు నెలలు. నా సిగ్గుకోసం నేను దాచుకున్న అయిదు నెలలూ ఆ పిల్లవాడు ఒక చావును మోసుకుని తిరిగాడు. మేము వెళ్లి చెప్పిన వందనం అతనికి ఇచ్చింది బియ్యం ఒక్కటే కాదు. తను ఆ రాత్రి చేసిన పని ఏమైందో అతనికి చెప్పింది. ఆ కబురు మా దగ్గర మాత్రమే ఉంది, మేమే ఆపుకున్నాం.

తువ్వాల ఇస్తే అటూ ఇటూ తిప్పి చూశాడు. “గిది నాదేనా?” అన్నాడు. గుర్తులేదు అతనికి. నాయిన మాత్రం దాన్ని తీసుకుని, మడత విప్పి, అతని భుజం మీద వేసి, కాసేపు అక్కడే చేయి ఉంచాడు.